పండుగప్పకి, కొర్రమీనుకి తేలే ఫ్లై లైను ఎలా ఎంచుకోవాలి

ఫ్లై ఫిషింగ్ మొదలుపెడదామనుకునేవాళ్ళు నన్ను ముందు అడిగేది రాడ్డు గురించే. ఏ కంపెనీ, ఎన్ని అడుగులు, ఎంత పడుతుంది అని. లైను సంగతి చివర్లో, "దాంతోపాటు ఏదో ఒకటి వస్తుంది కదండీ" అన్నట్టు అడుగుతారు. నేనైతే ముందు లైను ఖాయం చేసుకుని, మిగిలిన డబ్బుతో రాడ్డు చూసుకోమంటాను. మామూలు గాలంలో సీసం గుండో, బరువైన ప్లాస్టిక్ చేపో ముందుకు దూసుకుపోతూ నైలాన్ దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై అంటే పురుగులానో, కప్పలానో కట్టిన ఎర బొమ్మ, దానికి ఆ బరువు లేదు. ఈకలు, జింక వెంట్రుకలు, ఒక బెండు ముక్క, అంతే. అలాంటిదాన్ని అవతల గుర్రపుడెక్క అంచున దింపేది లైను బరువు. ఆ బరువుకి వంగి, మళ్ళీ నిటారు కావడం వరకే రాడ్డు పని.

నాది పాలకొల్లులో బంగారం పని. తెల్లారగట్ల కాలువ గట్టు, తర్వాత కొట్టు. ఈ పిచ్చి నాకు అంటించింది డల్లాస్‌లో ఉండే మా బావమరిది. అక్కడ వాళ్ళు పట్టేది లార్జ్‌మౌత్ బాస్. అది మన కాలువల చేప కాదు. కానీ అదే తీరున నాచులోనో, దుంగ చాటునో మాటు వేసి, పైన కదిలినదాని మీద ఒక్కసారిగా విరుచుకుపడే చేపలు మనకీ ఉన్నాయి. ఉప్పుటేళ్ళలో, మొగల దగ్గర, పోటు నీళ్ళు ఎక్కే మురుగు కాలువల్లో పండుగప్ప. పంట కాలువల్లో, తామర చెరువుల్లో కొర్రమీను. పండుగప్ప ఏకంగా సీ బాసే, ఆస్ట్రేలియా వాళ్ళు బారమండి అనేది కూడా దీన్నే. కాబట్టి బాస్ కోసం తయారైన తేలే లైన్లు మనకి చాలావరకు సరిపోతాయి. చాలావరకు అని ఎందుకంటున్నానో ఎండ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. పులస కూడా పడుతుందా అని మాత్రం అడక్కండి. అది నీళ్ళలోని సన్నటి ప్లవకాలను వడగట్టుకుని తినే చేప, ఫ్లై వంక కన్నెత్తి చూడదు. పుస్తెలమ్మి వలవాళ్ళ దగ్గర కొనుక్కోవాల్సిందే.

లైను పెట్టె మీద డబ్ల్యూఎఫ్ 8 ఎఫ్ అని ఉంటుంది. మొదటి రెండక్షరాలు వెయిట్ ఫార్వర్డ్, అంటే బరువంతా ముందు భాగంలో ఉండి వెనక సన్నటి దారం ఉండే రకం. చివరి ఎఫ్ ఫ్లోటింగ్, తేలేది. డీటీ అని ఉంటే డబుల్ టేపర్, రెండు కొసలూ ఒకేలా సన్నబడతాయి. ఒక కొస అరిగితే తిప్పి వాడుకోవచ్చు కాబట్టి పొదుపుగా కనిపిస్తుంది. చిన్న ఫ్లైలని మెత్తగా దించడానికి అది బాగుంటుంది గానీ, కప్ప ఆకారంలో బొద్దుగా ఉన్న ఫ్లైని గాలికి ఎదురుగా తిప్పి పడెయ్యడం దానివల్ల కాదు. మనకి వద్దు.

మధ్యలో ఉన్న నంబరు దగ్గర కాసేపు ఆగాలి. 1961 నుంచి అమెరికా తయారీదారులు పాటిస్తున్న కొలత ఇది: కొసనుంచి మొదటి 30 అడుగుల లైను ఎన్ని గ్రెయిన్లు తూగుతుందో దాన్నిబట్టి నంబరు. 6కి 160 గ్రెయిన్లు, 7కి 185, 8కి 210, 9కి 240, 10కి 280. గ్రెయిన్లంటే మీకు కొత్త కావచ్చు, మా వృత్తిలో పాతవాళ్ళకి కాదు. బ్రిటిష్ వాళ్ళ నాటి తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఆ లెక్కన 7 నంబరు లైను ముందు భాగం తులం మీద పిసరు ఎక్కువ. 8 నంబరుది 13.6 గ్రాములు. ఆడపిల్ల చెవి జూకాలంత బరువు, ముప్పై అడుగుల పొడవునా పరుచుకుని ఉంటుంది. అంతే, దాంతోనే పనంతా.

తిరకాసేమిటంటే, పెట్టె మీద 8 అని వేసిన లైన్లన్నీ 210 గ్రెయిన్లు ఉండవు. బాస్ లైన్లు కావాలనే అర నంబరో, నంబరో బరువెక్కువ చేస్తారు. పెద్ద ఫ్లైని తిప్పాలంటే ముందు బరువుండాలి కదా. 30 అడుగుల్లోనే 330 గ్రెయిన్లు కుక్కిన 8 నంబరు లైన్లు కూడా అమ్ముతారు. అసలు కొలతలో అది 8 కాదు, 11. గట్టి రాడ్డు మీద అది బాణంలా పోతుంది. మెత్తటి చవక రాడ్డుకి తగిలిస్తే రాడ్డు పిడి దాకా వంగి అలాగే ఉండిపోతుంది, లైను మీ వీపు వెనకే కూలబడుతుంది. లైను ముందుండే ఆ బరువైన భాగాన్ని తల అంటారు, కాబట్టి పెట్టె పక్కన సన్నటి అక్షరాల్లో ఉండే తల పొడవు, తల బరువు చదవాలి. 8 నంబరు రాడ్డుకి, అంటే 8 నంబరు లైను కోసం చేసిన రాడ్డుకి, మొదటి 30 అడుగులు 225 నుంచి 260 గ్రెయిన్ల మధ్య ఉంటే నా ఉద్దేశంలో మన అవసరానికి సరైనది. గ్రాముల్లో 14.5 నుంచి 17.

పెట్టె పోయిందా, లేక ఎవరో వాడిన లైను ఇచ్చారా? తూచండి. నేను కొట్లో కాటా మీదే తూస్తాను. నేల మీద టేపు పరిచి కొసనుంచి 30 అడుగులు, అంటే 9 మీటర్ల 14 సెంటీమీటర్లు కొలుస్తాను. చిట్టచివర ఒకే లావున ఉండే ఆరంగుళాలు లెక్కలోకి రావు, వాటిని వదిలి మొదలుపెట్టాలి. కొలత పూర్తయిన చోట దారం ముక్కతో గుర్తు కడతాను. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, గుర్తు వరకు లైనుని మెల్లగా చుట్టలు చుట్టలుగా గిన్నెలోకి దించుతాను. గుర్తు అవతలి భాగాన్ని గిన్నె అంచు ఎత్తులోనే వదులుగా చేత్తో పట్టుకోవాలి. పైకి లాగినా, కిందికి వేలాడినా అంకె మారిపోతుంది. మొన్న ఒక లైను ఇలాగే పెడితే 15.9 గ్రాములు చూపించింది. గ్రాముల్ని 15.43తో గుణిస్తే గ్రెయిన్లు వస్తాయి, అంటే 245. పెట్టె మీద 8, కాటా మీద 9. నాకు నచ్చిన లైను అదే. మీకు కాటా లేకపోతే తెలిసిన బంగారం కొట్టుకి పట్టుకెళ్ళండి, కాస్త వింతగా చూసినా తూచి పెడతారు.

ఇక ఏ నంబరు? ఒక్కటే కొనేటట్టయితే 8. కొర్రమీనుకి 6 చాలని కొందరంటారు. చేప బరువుకి చాలుతుంది, నిజమే. కానీ నంబరు ఎంచుకోవాల్సింది చేప బరువునిబట్టి కంటే ఫ్లై సైజునిబట్టి. కొర్రమీను నోరు తెరిచేది కప్పంత ఫ్లైకి, అది గాలిని బాగా పట్టేస్తుంది. పైగా కొర్రమీను తగలగానే తామర కాడల్లోకి దూరిపోతుంది. అక్కడ దానికి ఊపిరి తీసుకునే టైం ఇస్తే కాడ చుట్టూ మూడు చుట్లు చుట్టేసి మిమ్మల్ని వెక్కిరిస్తుంది. తగిలిన క్షణంలోనే పైకి ఈడ్చాలి, దానికి 8 నంబరు రాడ్డు నడుం కావాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు పెద్ద పండుగప్పల కోసం వెళ్ళేవాళ్ళు 9 పెట్టుకున్నా తప్పులేదు. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి మొహం మీద కొడుతుంటే ఆ బరువు తేడా తెలుస్తుంది. తేలే లైనులో గాలి బుడగలుంటాయి కాబట్టి మునిగే లైను కంటే లావుగా ఉండి గాలికి ఎక్కువ దొరికిపోతుంది.

తర్వాత తల పొడవు. నన్నడిగితే కోనసీమలో గానీ ఇటు నరసాపురం వైపు గానీ లైను ఎంపిక తేలేది ఇక్కడే, కారణం కొబ్బరి చెట్టు. ఫ్లై లైను ముందుకి ఎంత పోవాలో వెనక్కి దాదాపు అంత జాగా కావాలి. అమెరికా వీడియోల్లో పడవలో నిలబడి విసురుతారు, వెనక సరస్సంతా ఖాళీ. మన గట్టు మీద వెనక పది అడుగులకే కొబ్బరి మొవ్వ, దాని కింద అరటి, దారిలో సైకిలు మీద గడ్డిమోపుతో వచ్చే మనిషి. ఇలాంటి చోట 45 అడుగుల తల ఉన్న లైను పెట్టుకుంటే మీరు విసిరే దూరానికి తలలో సగం రాడ్డు కొస దాటి బయటికే రాదు. బరువులో సగం రీలు దగ్గరే ఉండిపోతే రాడ్డు వంగదు. అదే తల 28 నుంచి 35 అడుగుల లోపు ఉండి, బరువు ముందు భాగంలో కూడి ఉంటే, ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి, పని అయిపోతుంది. 30 అడుగుల తల, దాని ముందు ఎనిమిది అడుగుల లీడరు (లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం), చేతిలో తొమ్మిదడుగుల రాడ్డు కలుపుకుంటే పంట కాలువలో అవతలి గట్టు చాలా చోట్ల అందుతుంది.

అదీ గాక, కాలువకి అడ్డంగా విసరాలన్న పట్టుదల వద్దు. గట్టు పొడవునా దారి మీదుగా వెనక్కి విసిరి, ఏటవాలుగా నీళ్ళ మీదకి మళ్ళించండి. గట్టు వారనే కొర్రమీను ఎక్కువ ఉంటుంది, అవతలికి పోయి వెతకక్కర్లేదు. వెనక బొత్తిగా జాగా లేకపోతే రోల్ కాస్ట్ వెయ్యాలి. లైనుని వెనక్కి ఎగరెయ్యకుండా నీటి మీదే ఈడ్చి, రాడ్డు పక్కన కమానులా వేలాడేట్టు చేసి ముందుకి తోసెయ్యడం. పొట్టి తల లైను దీనికి కొంచెం మొండి, తల పొడవు దాటి రోల్ కాదు. ఆ లోటు నేను సరిపెట్టుకుంటాను. గాలం మొన వెనకుండే ఎదురుముల్లు మాత్రం కటింగ్ ప్లేయరుతో నొక్కేసి ఉంచండి, చేప కోసం కాకపోయినా ఆ సైకిలు మనిషి కోసం.

ముందు సన్నబడే భాగం, అంటే ఫ్రంట్ టేపర్, బాస్ లైన్లకి పొట్టిగా ఉంటుంది. చలి నీళ్ళ చేప ట్రౌట్ కోసం చేసే లైన్లకి పొడుగు, అక్కడ ఫ్లై దూదిలా వాలాలి. మన కప్ప బొమ్మ టప్పుమని పడినా ఫర్వాలేదు, ఒక్కోసారి ఆ చప్పుడుకే కొర్రమీను తిరిగి చూస్తుంది.

ఎండ సంగతి. బాస్ లైను పెట్టె మీద "వార్మ్ వాటర్" అని ఉంటుంది. వాళ్ళ వేడి వేరు, మన వేడి వేరు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపి వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, మిగిలిన మడుగుల్లో కొర్రమీను గుమిగూడే రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లోపల అల్లిక నైలాన్ పోగు, పైన మెత్తటి పూత ఉన్న లైను ఆ వేడికి వేలాడిపోతుంది. రాడ్డు రింగులకి జిగురులా అతుక్కుని ముందుకి జారదు. అందుకని ట్రాపికల్ అని రాసి ఉన్నది తీసుకోండి. వాటిలో పోగు బిరుసుగా, చాలా వాటిలో ఒకే తీగ నైలానుగా ఉంటుంది, పూత గట్టిది. సుమారు 24 డిగ్రీల పైన వాడటానికి అని చాలా కంపెనీలు చెప్తాయి. మనకి ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకు పైనే. అమెజాన్ నదిలో పీకాక్ బాస్ పట్టేవాళ్ళ కోసం చేసే జంగిల్ రకం లైన్లు మన కాలువలకి అతికినట్టు సరిపోతాయి: పొట్టి తల, గట్టి పూత, బరువు ముందు.

కొన్నది నిజంగా వేడికి నిలుస్తుందా అని చూడాలంటే ఒక జానెడు లైనుని మిట్టమధ్యాహ్నం డాబా మీద కాసేపు ఎండలో ఉంచి, బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య నొక్కి జార్చండి. గట్టి పూత గోటి కింద జర్రున జారిపోతుంది. మెత్తటిది ఆగి ఆగి వస్తుంది, గోటి గీత దాని మీద కనిపిస్తుంది. ధనుర్మాసం పొద్దుల్లో ఈ ట్రాపికల్ లైనే రీలు చుట్టల ఆకారంలో స్ప్రింగులా లేస్తుంది, అది దాని గుణం. విసిరే ముందు బారెడు బారెడు చొప్పున రెండు చేతులతో సాగదీస్తే సర్దుకుంటుంది. కొబ్బరి మానుకి చుట్టి లాగకండి, ఆ గరుకుకి పూత లేచిపోతుంది.

తేలే లైను ఎందుకు తేలుతుందో తెలిస్తే దాన్ని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పైన ఉండే ప్లాస్టిక్ పూతలో కంటికి కనిపించనంత చిన్న గాజు బుడగలు కలుపుతారు. బరువు పెంచే నైలాన్ పోగుని ఆ పూత మోస్తుంది. కొస దగ్గర లైను సన్నం కాబట్టి పూత తక్కువ, పోగు పాలు ఎక్కువ. అందుకే ఏ లైనైనా ముందు కొసే మునగడం మొదలుపెడుతుంది. కొస మునిగితే ఫ్లైని పైకి లేపేటప్పుడు బుడుంగుమని నీళ్ళన్నీ కదిలి, అక్కడున్న చేప కాస్తా పోతుంది. వరదల్లో ఎర్ర నీళ్ళు వచ్చాక ఒండ్రు ఈ పూత మీద పొరలా పట్టి ఇంకా ముంచుతుంది. ఇంటికొచ్చాక బకెట్టులో గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల పిల్లల షాంపూ, మెత్తటి గుడ్డ చాలు. ఉప్పుటేటిలో వాడినప్పుడు కడగడం మరీ తప్పనిసరి, లైను కోసం కంటే రీలు కోసం.

కొబ్బరినూనె పూస్తే బాగా తేలుతుందని మా వైపు ఒక నమ్మకం. పూయకండి, ఆ జిడ్డుకి ఒండ్రు మరింత అంటుకుంటుంది. కంపెనీ ఇచ్చే డ్రెస్సింగు ఉంటే అది, లేకపోతే ఏదీ వద్దు. అసలు శత్రువు దోమల మందు. డీట్ ఉన్న క్రీము అరచేతులకి రాసుకుని లైను పట్టుకుంటే పూత మెత్తబడి పగుళ్ళు వస్తాయి. సాయంత్రం కాలువ గట్టు మీద దోమల మందు లేకుండా నిలబడమని నేను చెప్పలేను, కాకపోతే ముంజేతి వెనక వైపుతో రాసుకుని అరచేతులు సబ్బుతో కడుక్కోండి. పెట్రోలు చేతులకీ ఇదే మాట. రీలుని ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యడం కూడా అంతే చేటు.

రంగు గురించి టెన్షన్ పడక్కర్లేదు. చేపకీ లైనుకీ మధ్య లీడరు ఉంటుంది. చూడాల్సింది మీరు. గుర్రపుడెక్క మీద ఆకుపచ్చ లైను కళ్ళకి ఆనదు, నారింజో, తెలుపో, లేత పసుపో తీసుకోండి.

లీడరు నైలానుదే పెట్టండి, ఫ్లోరోకార్బన్ వద్దు. నైలాన్ నీటికంటే కొంచెమే బరువు, ఫ్లోరోకార్బన్ చాలా బరువు. అది మునిగి పైన తేలాల్సిన ఫ్లై ముక్కుని కిందికి లాగుతుంది. ఏడున్నర, ఎనిమిది అడుగులు చాలు. చివర అడుగున్నర 40 పౌన్ల నైలాన్ ముక్క కట్టండి. పండుగప్ప మొప్పల కప్పు అంచు బ్లేడులా ఉంటుంది, దానికి సన్నటి దారం ఒక్క తల విదిలింపుతో సరి. కొర్రమీనుకి పళ్ళున్నాయి, ఆకుల్లోంచి ఈడ్చే పని కూడా ఉంది కాబట్టి దానికీ ఇదే. లైనుకి ముందే వెల్డింగు చేసిన లూపు ఉంటే లూపుకి లూపు తగిలించెయ్యడమే. లైను వెనక రీలు మీద ముందుగా చుట్టే దారం, అంటే బ్యాకింగు, 20 పౌన్ల డాక్రాన్ వంద గజాలు. కాలువలో అది రీలు నిండటానికే, మొగ దగ్గర మాత్రం పెద్ద పండుగప్ప దాన్ని మీకు చూపిస్తుంది.

తేలే లైను పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. చించినాడ వంతెన స్తంభాల దగ్గరలాగా లోతూ, ఒరవడీ ఉన్నచోట పండుగప్ప కింద ఉంటుంది, పైన తేలే ఫ్లై దాని తల మీదుగా కొట్టుకుపోతుంది. అక్కడికి మెల్లగా మునిగే ఇంటర్మీడియట్ లైను కావాలి. దాన్ని రెండో స్పూలు మీద తర్వాత కొనుక్కోవచ్చు. తేలే లైనుతో పండుగప్ప కావాలంటే పోటు నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలయ్యే వేళకి చిన్న పాయ పెద్ద ఏటిలో కలిసే చోట, రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే తూముల దగ్గర నిలబడండి. దిగే నీళ్ళతో వచ్చే చిన్న చేపల కోసం అది నడుం లోతు నీళ్ళలోకి వచ్చి కాపు కాస్తుంది. కోరింగ అభయారణ్యంలోని మడ పాయల్లోకి మాత్రం గాలం పట్టుకుని వెళ్ళకండి. పంచాయతీ చెరువైతే పాటదారుణ్ణి, సొంత చెరువైతే రైతుని అడిగి దిగండి. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు సుడి తిరుగుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. కప్ప బొమ్మ వేస్తే కోపానికి కొరుకుతాయి గానీ, వాటిని తీసేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి.

కొనడం దగ్గర మనవాళ్ళకున్న వసతి, ఇంటికొకరు అమెరికాలో ఉండటం. మంచి లైను అక్కడ దాదాపు 50 నుంచి 130 డాలర్లు. సైంటిఫిక్ యాంగ్లర్స్, రియో, కోర్ట్‌లాండ్, ఎయిర్‌ఫ్లో, ఎవరిదైనా సరే, మొదటి లైనుకి మధ్య ధరది చాలు. ఇక్కడి చెట్లూ ముళ్ళూ దాన్ని ఎలాగూ రెండు మూడేళ్ళకి మించి ఉంచవు. పాత స్టాకు డిస్కౌంటులో వస్తే వంచి పూత పగుళ్ళు చూసుకునే వీలుంటేనే తీసుకోండి. "బాస్ లైను తీసుకురా" అని మాత్రం చెప్పి ఊరుకోకండి, చలి నీళ్ళ లైను పట్టుకొచ్చే అవకాశం ఉంది. నేను మా బావమరిదికి పంపిన మెసేజి ఇది, మీరూ వాడుకోవచ్చు: "డబ్ల్యూఎఫ్ 8 ఎఫ్, ట్రాపికల్ లేదా జంగిల్, తల 35 అడుగుల లోపు, మొదటి 30 అడుగులు 225 నుంచి 260 గ్రెయిన్లు, నారింజ లేదా పసుపు, ముందు లూపు ఉండాలి." దానికింద ఇంకో ముక్క కూడా రాశాను, సూట్‌కేసులో చోటు లేదని అట్టపెట్టె పారెయ్యొద్దు, అంకెలన్నీ దాని మీదే ఉంటాయని.